సొరుగులో గుండీలు

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి బట్టల షావుకారు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ తెల్లబట్ట తాను రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా ఆపుతా. పన్నెండు దాటి ఒక్క నిమిషమైనా నన్నేమీ అనొద్దు. ఇంకో ఆయన డబ్బు జేబులో పెట్టుకుని మా షాపు చుట్టూ తిరుగుతున్నాడు."

"రేపటిదాకా ఎందుకండీ, ఈ సాయంత్రమే వచ్చి కట్టేస్తా," అంది కోడలు ధీమాగా. ఆ ధీమాకి ఆయుష్షు సరిగ్గా రెండు నిమిషాలు.

ఫోన్ పెట్టేసి కుట్టుమిషన్ బల్లకున్న ఎడమ సొరుగు లాగింది. నోట్లు తీసి లెక్కపెట్టింది. నాలుగు వేల మూడు వందలు. వేళ్ళు తడి చేసుకుని మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ అంతే. సొరుగు పూర్తిగా ఊడలాగి బల్ల మీద బోర్లించింది. ఒక సుద్దముక్క, రెండు పిన్నీసులు, పాప కొరికిన పెన్సిలు రాలాయి. అందులో పద్దెనిమిది వేలుండాలి. మూడు వారాల కిందట తన చేత్తోనే రెండుసార్లు లెక్కపెట్టి పెట్టింది.

ఆ ఇంట్లో ఉండేది నలుగురే. అత్తగారు, ఆవిడ కొడుకు, కోడలు, తొమ్మిదేళ్ళ పాప. కోడలంటే ఒక్కతే కాబట్టి మనమూ కోడలనే అందాం. నాలుగు నెలల కిందట ఆమె ముందుగదిలో కుట్టుపని మొదలుపెట్టింది. అప్పట్నుంచి ఆ గదిలో మనుషులు కూర్చోవాలంటే ముందు చొక్కా చేతుల్ని లేపాలి. టీవీ మీద దారపు ఉండలు, సోఫాకి ఆనించి ఇస్త్రీ బల్ల, కిటికీ పక్కన మిషన్. చిన్నా చితకా పనులతో మొదలై, బడిపిల్లల చొక్కాల దాకా వచ్చి, చివరికి ఒక ఆస్పత్రి వాళ్ళు అరవై తెల్లకోట్లు కుట్టమన్నారు. ఒక్కోటి ఆరు వందలు. సగం డబ్బు ముందే ఇచ్చారు.

ఇచ్చేటప్పుడు ఆస్పత్రి మేనేజరమ్మ ఒక మాట అడిగింది. "మీ షాపు పేరు మీద బ్యాంకు ఖాతా ఉందా?"

"షాపేంటండీ, మా ఇల్లే షాపు. చేతికిచ్చెయ్యండి, సొరుగులో పెట్టుకుంటా," అని నవ్వింది కోడలు. మేనేజరమ్మ నవ్వలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు.

ఆస్పత్రి బట్టలు మరిగే నీళ్ళలో ఉతుకుతారు. మామూలు తెల్లబట్ట నాలుగు ఉతుకులకే పసుపెక్కుతుంది. ఉతికినా రంగు మారని మందపు బట్ట ఊరంతా గాలిస్తే ఆ షావుకారు దగ్గర ఒక్క తానే దొరికింది. నూట ఇరవై మీటర్లు, పదిహేను వేల ఆరు వందలు. ఇంకో తాను రావాలంటే నెల పడుతుంది. అంటే రేపు పన్నెండులోపు డబ్బు కట్టకపోతే తాను పోతుంది, తానుతో పాటు తెల్లకోట్ల పని పోతుంది, తీసుకున్న పద్దెనిమిది వేలు వెనక్కి కక్కాలి. కక్కడానికి అవి ఉంటే కదా. ఆ తర్వాత ఈ వీధిలో ఆమెకి రుమాలు అంచు కుట్టమని కూడా ఎవరూ ఇవ్వరు.

కోడలు సొరుగు పక్కనున్న బిస్కెట్ డబ్బా మూత తీసింది.

ఈ డబ్బా కథ చెప్పకపోతే ముందుకి వెళ్ళలేం. ఆ ఇంట్లో డబ్బు ఎప్పుడూ ఆ బల్ల సొరుగులోనే ఉండేది. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకునేవాళ్ళు, నెలాఖరుకి ఎవరు ఎంత తీశారని ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు. కాగితం మీద రాసుకుందామంటే అత్తగారికి ఒళ్ళు మంట. "మనలో మనకి పద్దులేంటి, అప్పులవాళ్ళలాగా?" అనేది. చివరికి ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. సొరుగులోంచి వంద తీసినవాళ్ళు డబ్బాలో ఒక గుండీ వెయ్యాలి. కొడుక్కి నల్లవి, ఆవిడకి నీలం, పాపకి పసుపు. నెల జీతం రాగానే ఎన్ని గుండీలుంటే అన్ని వందలు తిరిగి పెట్టి, ఎవరి గుండీలు వాళ్ళు తీసుకోవాలి. పద్దు లేదు, పుస్తకం లేదు, గొడవ లేదు. ఏళ్ళ తరబడి ఆ పద్ధతి గడియారంలా నడిచింది.

కోడలు పని మొదలుపెట్టినప్పుడు బల్ల ఆమెదైంది, బల్లతో పాటు సొరుగు, సొరుగుతో పాటు డబ్బా. ఇంటి సొరుగే షాపు గల్లాపెట్టె అయింది. ఇంటి డబ్బు కాఫీ పొడి ఖాళీ డబ్బాలో వంటింటి అలమర మీదికి ఎక్కింది, నిజమే. కానీ అలవాటుపడ్డ చేతులు బల్ల దగ్గరికే వచ్చాయి. ఎవరికీ తప్పనిపించలేదు. గుండీలు వేస్తున్నారు కదా.

ఆమె గుండీల్ని రంగులవారీగా పోసింది. పసుపువి నాలుగు. నల్లవి ముప్పై ఒకటి. నీలం ఒక్కటంటే ఒక్కటి లేదు.

భర్త అప్పుడే గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. గోడౌన్‌లో గుమాస్తా అతను. చొక్కాకి కింది గుండీ ఊడిపోయి పిన్నీసు పెట్టుకున్నాడు. దర్జీ మొగుడి చొక్కా ఎప్పుడూ అలాగే ఉంటుంది.

"ఏవండీ, సొరుగులో డబ్బేమైంది?"

"ఉందిగా?"

"నాలుగు వేల మూడొందలుంది."

"మిషన్ కింద ఎలుకలేమైనా కాపురం పెట్టాయేమో, వాటికీ ఖర్చులుంటాయి కదా..." అంటూ తలెత్తి ఆమె ముఖం చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నల్లవి ముప్పై ఒకటున్నాయి," అంది ఆమె.

"అవును, ముప్పై ఒకటీ నావే. బండి రిపేరుకి పద్దెనిమిది. మిగతావి పెట్రోలుకి. ఏ ఒక్కటీ మర్చిపోలేదు, ఒట్టు. జీతం రాగానే పెట్టేద్దామనుకున్నా. పన్నెండో తారీకు దాకా రాదంటున్నారు."

ఇవాళ రెండో తారీకు. ఆమెకి అరవాలనిపించింది. కానీ తీసిన ప్రతి వందకీ గుండీ వేసిన మనిషి మీద ఏమని అరుస్తుంది? అతను బిక్కచచ్చిన ముఖంతో, "సాయంత్రం ఏదో ఒకటి చేస్తా," అని వెళ్ళిపోయాడు.

ఆమె సుద్దముక్కతో బల్ల మీదే లెక్క వేసింది. పోయింది పదమూడు వేల ఏడు వందలు. అతనివి మూడు వేల ఒక వంద, పాపవి నాలుగు వందలు తీసేస్తే పది వేల రెండు వందలు. గుండీ లేకుండా పది వేలు! ఆ సొరుగు దగ్గరికి బయటివాళ్ళు ఎవరూ రారు. ఇంట్లో మిగిలింది ఒక్కరే.

మనసు ఒకసారి అటు తిరిగిందంటే ఇక సాక్ష్యాలకి కొదవుండదు. రెండు వారాల కిందట అత్తగారు ఈ బల్ల దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది, తను రాగానే సొరుగు మెల్లిగా మూసింది. ఆ సాయంత్రమే కొత్త కళ్ళజోడుతో ఇంటికొచ్చింది. డబ్బాలో నీలం గుండీలు లేవు. ఇంకేం కావాలి? తను రోజంతా నడుం విరగ్గొట్టుకుంటుంటే, నీతులు చెప్పే పెద్దావిడే ఇలా చేస్తుందా అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా వేసింది. కానీ రేపటి పన్నెండు గంటలు సిగ్గుని పక్కకి తోసేశాయి.

వంటింట్లో అత్తగారు కూరగాయలు తరుగుతోంది. కళ్ళజోడు ముక్కు మీద మెరుస్తోంది.

"అత్తయ్యా, ఆ కళ్ళజోడు ఎంతైంది?"

"పదిహేడు వందలు. చెప్పానుగా."

"సొరుగులోంచే తీశారా?"

"సొరుగులోంచి కాక ఆకాశంలోంచి తీస్తానా? ఏంటమ్మాయ్, ఏమైంది?"

"మీ గుండీలేవి మరి? డబ్బాలో ఒక్కటీ లేదు. పది వేలు తేడా వస్తోంది అత్తయ్యా. అడిగితే నేను కాదంటానా? ఇలా చప్పుడు కాకుండా తీసుకోవడం ఎందుకు?"

నోరు జారింది. జారిన మాట ఇద్దరి మధ్యా అలాగే నిలబడి ఉంది. అత్తగారు కత్తి కింద పెట్టింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, కోడలి వంక తిన్నగా చూసింది.

"పోయిన వారం బడి చొక్కాలు పంపావే, వాటి గుండీలు ఏ రంగు?"

"నీలం."

"చివరి మూడు చొక్కాలకి గుండీలు తక్కువయ్యాయని పొద్దున్నే ఇల్లంతా గోల చేశావు. కింద బండివాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. ఒక్కోదానికి ఆరు చొప్పున పద్దెనిమిది కావాలి. ఎక్కణ్ణుంచి తెచ్చి కుట్టావు?"

కోడలి చూపు ముందుగదిలో బిస్కెట్ డబ్బా మీదికి వెళ్ళింది.

"ఆ డబ్బాలోంచే తెచ్చావు. పదిహేడు నావి. పద్దెనిమిదోది నీ మొగుడి చొక్కాది కోశావు. అందుకే వాడు పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నాడు. నేను ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నా. పోనీలే, హడావిడిలో ఉంది, జీతం వచ్చి లెక్క చూసేటప్పుడు నేనే చెప్దాం అనుకున్నా. నా అప్పు నేను మర్చిపోలేదు. అది ముగ్గురు పిల్లల చొక్కాల మీద బడికి వెళ్ళొస్తోంది."

ఇంకో సమయంలో అయితే ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళు. కోడలు కూరల పీట పక్కన కూలబడింది. తన చేత్తో తనే ఆ గుండీల్ని ఏరుకుని, పళ్ళతో దారం తెంపుతూ ఎలా కుట్టిందో ఇప్పుడు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. అప్పుడు అవి ఆమెకి వట్టి గుండీలే. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

అత్తగారు తన గదిలోకి వెళ్ళింది. దుప్పట్ల మడతల్లోంచి ఒక కవరు తెచ్చి, పదిహేడు వందలు లెక్కపెట్టి కోడలి ఒళ్ళో పెట్టింది.

"వద్దు అత్తయ్యా."

"వద్దంటే రేపు షావుకారు ఊరుకుంటాడా? తీసుకో."

తీసుకుంది. వద్దనే స్తోమత కూడా లేనందుకు ఏడుపొచ్చింది. ఒక ముసలావిడ కళ్ళజోడుకి దొంగతనం అంటగట్టి, మళ్ళీ ఆవిడ డబ్బే చేయి చాచి తీసుకోవాల్సి వచ్చిందే అని మనసు ముక్కలైంది. అత్తగారు మాత్రం మళ్ళీ కత్తి అందుకుంది.

"ఇంకా ఎంత తేలాలి?"

"ఎనిమిది వేల అయిదొందలు."

"నీ గుండీలేవి?"

"నావా?" కోడలు తెల్లబోయింది. "నాకు గుండీలెందుకు? అది నా సొరుగే కదా."

"సొరుగు నీదే. డబ్బు ఎవరిది?"

అత్తగారు తరిగిన ముక్కల్ని గిన్నెలోకి తోసి, "పాప ట్యూషన్ ఫీజు ఎవరు కట్టారు?" అంది.

"నేనే."

"ఎంత?"

"రెండు వేల అయిదొందలు."

"కరెంటు బిల్లు?"

"రెండు వేల రెండొందలు."

"గ్యాసు?"

"పదకొండొందలు." ఆమె వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "పాలకీ కూరలకీ ఎప్పటికప్పుడు తీశాను, పంతొమ్మిది వందలై ఉంటుంది. పాపకి చెప్పులు ఎనిమిది వందలు."

ఎవరూ కూడనక్కర్లేకుండానే లెక్క తేలింది. ఎనిమిది వేల అయిదు వందలు. అటు వంద లేదు, ఇటు వంద లేదు. పది వేలు మింగిన దొంగ కోసం పొద్దుటినుంచీ ఇంట్లో వాళ్ళందరి ముఖాలూ చూసింది. అద్దంలో చూడాలని మాత్రం తట్టలేదు.

"అన్నీ ఇంటికే పెట్టాను అత్తయ్యా. నాకోసం ఒక్క జాకెట్టు ముక్క కూడా కొనుక్కోలేదు," అంది ఏడుపు గొంతుతో.

"నాకు తెలీదా? నువ్వు ఇంటికే పెట్టావు. కానీ ఆస్పత్రివాళ్ళు మన పాలకీ గ్యాసుకీ ఇవ్వలేదు కదమ్మా. మేం వంద తీస్తే గుండీ వేశాం, అది అప్పని మాకు గుర్తుంది. నువ్వు తీసేటప్పుడు తీస్తున్నావని నీకే తెలీలేదు."

తప్పంతా కోడలిదే అనుకుంటే పొరపాటు. ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది, పొయ్యి వెలుగుతోంది, పాప బడికి వెళ్తోంది, జీతం మాత్రం రాలేదు. మరి ఇదంతా ఎలా జరుగుతోందని మిగిలిన ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. ఆ సంగతి అత్తగారికి ఆ క్షణాన తట్టినట్టుంది. కోడలి వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, పొయ్యి వెలిగించింది.

మధ్యాహ్నం కోడలు మేనేజరమ్మకి ఫోన్ చేసింది. రింగు పోతున్నంతసేపూ ఎత్తకపోతే బాగుండుననీ, ఎత్తితే బాగుండుననీ రెండూ అనుకుంది.

"మేడం, కోట్లు రెండు విడతలుగా ఇస్తే ఫర్వాలేదా? ముందు ముప్పై, తర్వాత ముప్పై."

"ఎందుకు? బట్ట దొరకలేదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దొరకలేదంటే సరిపోయేది. "దొరికింది మేడం. ఒకేసారి కొనేంత డబ్బు లేదు. మీరిచ్చినదాంట్లో కొంత ఇంట్లో వాడేశాం."

"అందుకే ఆ రోజు ఖాతా ఉందా అని అడిగా," అంది మేనేజరమ్మ. కోపంగా అంటే బాగుండేది, మామూలుగా అంది. "సరే. డాక్టర్ల కోట్లు ముప్పై వచ్చే శుక్రవారం సాయంత్రానికి నా బల్ల మీద ఉండాలి. ఉంటే వాటి మిగతా డబ్బు అప్పుడే ఇస్తా. ఒక్క రోజు దాటినా పని వేరేవాళ్ళకిచ్చి, నా పద్దెనిమిది వేలు అడుగుతా."

సగం తానుకి ఏడు వేల ఎనిమిది వందలు కావాలి. సొరుగులో ఉన్నవీ అత్తగారివీ కలిపి ఆరు వేలు. సాయంత్రం పాప సంగతి విని, తన చిల్లర డబ్బా తెచ్చి నేల మీద కుమ్మరించి, నాలుగు వందలు ఏరి ఇచ్చి, తన పసుపు గుండీలు నాలుగూ పెద్ద ఆరిందాలా వెనక్కి తీసుకుంది. భర్త వచ్చి జేబులోంచి పద్నాలుగు వందలు తీశాడు. సూపర్‌వైజరుని కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే జీతంలోంచి ముందుగా ఇచ్చాడట. "ఇంతకంటే ఇవ్వలేదే," అన్నాడు తప్పు చేసినవాడిలా. డబ్బాలోంచి పద్నాలుగు నల్లగుండీలు ఏరుకుని జేబులో వేసుకున్నాడు. సరిగ్గా ఏడు వేల ఎనిమిది వందలైంది. బస్సు టిక్కెట్టుకి ఒక్క రూకైనా మిగల్లేదు.

అందుకని శనివారం పొద్దున ఆమె నడిచే వెళ్ళింది. నలభై నిమిషాల దారి. సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదురొచ్చే ప్రతి మనిషినీ అనుమానంగా చూస్తూ, ప్రతి మలుపులో ఫోన్లో టైము చూసుకుంటూ. షాపు మెట్లెక్కేసరికి పదకొండూ పది. లోపల స్టూలు మీద కాలు మీద కాలేసుకుని మూడు మిషన్లాయన కూర్చుని ఉన్నాడు. ఇంట్లో మూడు మిషన్లున్నాయని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్తాడు కాబట్టి అందరూ అలాగే అంటారు. అతని కళ్ళు షావుకారు వెనకున్న తెల్ల తాను మీదే ఉన్నాయి. అదే తాను.

"సగం కోసివ్వండి," అంది కోడలు డబ్బు బల్ల మీద పెడుతూ.

షావుకారు ముఖం ముడుచుకుంది. "సగమేంటమ్మా? మిగతా సగం నేనేం చేసుకోను? ఈయన మొత్తం తీసుకుంటానంటున్నాడు, ఇక్కడిక్కడే."

"తీసుకుంటా," అన్నాడు మూడు మిషన్లాయన. "ఆవిడ కుదరదంటే."

కోడలు నిన్నటి నుంచీ పడాల్సిన సిగ్గంతా పడేసింది కదా, ఇక దాచుకోవడానికి ఏమీ లేదు. "మీరు పన్నెండు దాకా టైమిచ్చారు. ఇంకా పన్నెండు కాలేదు. సగానికి డబ్బు ఇదిగో. మిగతా సగానికి వచ్చే శనివారం ఇదే టైముకి తెస్తా. తేకపోతే ఆయనకే ఇచ్చెయ్యండి, మళ్ళీ మీ గుమ్మం తొక్కను."

షావుకారు గోడ గడియారం వంక చూశాడు, డబ్బు వంక చూశాడు, మూడు మిషన్లాయన వంక చూసి గొణుక్కున్నాడు. తర్వాత తాను దింపి కొలబద్ద తీశాడు. కత్తెర బట్టని కోస్తున్న చప్పుడు వినేదాకా కోడలు తాను మీంచి చూపు తిప్పలేదు.

"వచ్చే శనివారం పన్నెండు. ఇక మాటల్లేవు," అన్నాడు షావుకారు.

"వచ్చే శనివారం నేనూ వస్తా," అన్నాడు మూడు మిషన్లాయన లేస్తూ. "ఊరికే, చూసి పోదామని."

బట్ట మూట కడుతుంటే అలమరలో దుమ్ముకొట్టుకుపోయిన పొట్లం ఒకటి ఆమె కంటపడింది. ఆకుపచ్చ గుండీలు. "అవెంత?" అంది భయంభయంగా. "ఎవడూ కొనడమ్మా ఆ రంగు. ఏళ్ళుగా పడున్నాయి. తీసుకెళ్ళండి," అన్నాడు షావుకారు. షాపు బండి అటువైపే వెళ్తోందంటే మూటతో పాటు ఆమె కూడా ఎక్కి కూర్చుంది.

ఇంటికి రాగానే బట్ట కూడా విప్పకుండా నేల మీద కూర్చుని ఎనభై అయిదు ఆకుపచ్చ గుండీలు లెక్కపెట్టి డబ్బాలో పోసింది. మూత పడలేదు. అత్తగారు కొత్త కళ్ళజోడులోంచి చూసి, "ఆ, అలాగే ఉండనీ. కనిపిస్తూ ఉంటుంది," అంది.

ఆ వారం కోడలు మిషన్ మీదినుంచి లేవలేదు. మంగళవారం సూది విరిగింది. బుధవారం ఒక కోటుకి కుడి చేయి ఎడమకి కుట్టి విప్పుకుంది. గురువారం అయిదు గంటలు కరెంటు లేక చేత్తోనే చక్రం తిప్పింది. పాలవాడు వచ్చిన ప్రతిసారీ చెయ్యి దానంతటదే ఎడమ సొరుగు మీదికి వెళ్ళేది. సొరుగు ఖాళీ. డబ్బా నిండా ఆకుపచ్చ. చెయ్యి వెనక్కి తీసుకునేది. "నాలుగు రోజులు పాలు సగం పోయించుకుందాం," అని అత్తగారు వంటింట్లోంచే తేల్చేసింది. ఆ సగం పాలలో నీళ్ళు కలిపిన టీ తాగుతూ భర్త ముఖం చిట్లించాడు గానీ గ్లాసు ఖాళీ చేసే పెట్టాడు. శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి ముప్పై కోట్లు మేనేజరమ్మ బల్ల మీదున్నాయి. ఆవిడ ప్రతి కోటునీ తిరగేసి, కుట్లు లాగి చూసి, తొమ్మిది వేలు లెక్కపెట్టి ఇచ్చింది. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు.

శనివారం పొద్దున పదిన్నరకి కోడలు సొరుగు తీసి షావుకారుకివ్వాల్సిన ఏడు వేల ఎనిమిది వందలు సంచిలో వేసుకుంది. ఇంకా పన్నెండు వందలు మిగిలాయి. సరిగ్గా అప్పుడే గ్యాసు సిలిండరు అతను గుమ్మంలో దబ్బున బండ దింపాడు.

"పదకొండొందలమ్మా."

ముందురోజే పొయ్యి ఆరిపోయింది. భర్త జీతం ఇంకో రెండు రోజులకి గానీ రాదు. వంటింటి కాఫీ డబ్బాలో ఇరవయ్యో ముప్పయ్యో ఉన్నాయి. ఇక్కడ సొరుగులో పన్నెండు వందలు కళ్ళెదురుగా ఉన్నాయి. చెయ్యి వెళ్ళింది, సొరుగు అంచు మీద ఆగిపోయింది. తీస్తే ఇంకో పదకొండు ఆకుపచ్చ గుండీలు. తీయకపోతే ఇంటిల్లిపాదీ పచ్చి కూరలు తినాలి. ఆమె దిక్కుతోచనట్టు వంటింటి వైపు చూసింది.

అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "అమ్మాయ్, ఆ ముప్పై కోట్లకి నీ కుట్టుకూలి ఎంత?"

"కూలా?"

"మూడు మిషన్లాయన మనుషుల్ని పెట్టుకుంటాడు కదా, వాళ్ళకి కోటుకింతని ఇస్తాడా ఇవ్వడా?"

"ఇస్తాడు."

"మరి నీకు?"

నాలుగు నెలలుగా కోడలు బట్టకింత, దారానికింత, గుండీకింత అని ధర కట్టింది. కుట్టిన మనిషికింత అని ఎప్పుడూ అనుకోలేదు. ఆ మాట లేకపోబట్టే ఇన్నాళ్ళూ సొరుగులోంచి గుడ్డిగా తీస్తూ పోయింది. ఆమె మెల్లిగా లెక్క కట్టింది. "కోటుకి నలభై వేసుకుంటే... పన్నెండు వందలు."

"అయితే తీసుకో. అది నీది. దానికి గుండీ అక్కర్లేదు," అంది అత్తగారు. "ఆ ఎనభై అయిదు మాత్రం అలాగే ఉన్నాయి, మర్చిపోకు."

కోడలు సొరుగులోంచి పన్నెండు వందలు తీసింది. సొరుగు ఖాళీ అయింది. నోట్లు గుప్పిట్లో పట్టుకుని వంటింటి వైపు నడిచింది. బల్ల దగ్గర్నుంచి అలమర దాకా పన్నెండు అడుగులు. ఆ పన్నెండు అడుగులూ ఆ డబ్బు ఆమెది. పెళ్ళయ్యాక తన కష్టానికి పేరు పెట్టి చేతిలో పెట్టుకోవడం ఇదే మొదటిసారి. అది సంతోషమో భయమో ఆమెకే తెలియలేదు. కాఫీ డబ్బా మూత తీసి పన్నెండు వందలూ అందులో వేసింది, మూత పెట్టింది. మళ్ళీ మూత తీసి పదకొండు వందలు పైకి తీసి, గుమ్మం దగ్గరికి వచ్చి ఇచ్చింది.

సిలిండరు అతను ఇదంతా నోరు తెరుచుకుని చూశాడు. "ఆ సొరుగులోంచే తీసిచ్చేస్తే అయిపోయేదిగా అమ్మా? ఇంత తిరుగుడెందుకు?"

"అయిపోయేదే," అంది కోడలు. "మొన్నటిదాకా అలాగే అయిపోయింది."

అతను తల గోక్కుంటూ ఖాళీ సిలిండరు భుజాన వేసుకుని వెళ్ళాడు. గోడ మీద టైము పదకొండుకి పావు తక్కువ. షాపులో స్టూలు మీద మూడు మిషన్లాయన ఈపాటికే వచ్చి కూర్చుని ఉంటాడు. కోడలు సంచిలో ఏడు వేల ఎనిమిది వందలు ఇంకోసారి లెక్కపెట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టి గబగబా మెట్లు దిగింది.